హన్మకొండ లోక్‌సభ స్థానం: ముప్పై ఏళ్ల బతుకు

హన్మకొండకు చేతిలో ఉన్నది చేజారిపోవడం కొత్త కాదు. కాకతీయుల తొలి రాజధాని ఇదే. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించింది ఇక్కడే. గణపతిదేవుని కాలానికి రాజధాని పక్కనే ఉన్న ఓరుగల్లు కోటకు మారింది. గుడి ఇక్కడ మిగిలింది, సింహాసనం అక్కడికి పోయింది. ఎనిమిది వందల ఏళ్లు గడిచాక, 2008లో, అదే దారిన మరొకటి పోయింది. ఈసారి పోయింది లోక్‌సభ స్థానం. భద్రకాళి చెరువు, పద్మాక్షి గుట్ట, కాళోజీ నడిచిన వీధులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఢిల్లీలో ఆ ఊరి పేరు మీద ఉన్న ఒక్క కుర్చీ మాత్రం లేకుండా పోయింది.

ఆ ఏడాది నియోజకవర్గాల పునర్విభజనతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు లోక్‌సభ స్థానాలు రద్దయ్యాయి. పార్వతీపురం, బొబ్బిలి, భద్రాచలం, తెనాలి, సిద్దిపేట, మిర్యాలగూడ, హన్మకొండ. వాటి బదులు అరకు, విజయనగరం, మల్కాజిగిరి, చేవెళ్ల, జహీరాబాద్, భువనగిరి, మహబూబాబాద్ వచ్చాయి. మొత్తం నలభై రెండు నలభై రెండుగానే ఉంది కాబట్టి లెక్కకు ఏ లోటూ కనిపించదు. పోయిన ఏడింటిలో ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంది, దాన్ని తలచుకుని బాధపడే మనుషులూ ఉన్నారు. అయినా నా మనసు హన్మకొండ దగ్గరే ఆగుతుంది. అది బతికింది ముప్పై ఏళ్ల పైచిలుకు. ఎన్నికలు చూసింది పది, ఒక ఉపఎన్నికతో కలిపి. గెలిపించింది ఐదుగురిని. అంత చిన్న జీవితంలో అది భవిష్యత్తులో ప్రధాని కాబోయే మనిషిని రెండుసార్లు భుజాన మోసింది, మూడోసారి దించేసింది. ఆ దించేసిన రోజు నుంచి దాని కథ విషాదం వైపు నడిచిందని నా నమ్మకం. ఓటరు తప్పు చేశాడని కాదు, ఓటరు న్యాయంగానే నడుచుకున్నాడు. న్యాయంగా నడుచుకున్నందుకు కూడా మూల్యం చెల్లించాల్సి వచ్చింది. విషాదం అక్కడే ఉంది.

మొదటి ఎన్నిక 1977 మార్చిలో జరిగింది. ఎమర్జెన్సీ చీకటి అప్పుడే తొలగుతోంది. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, ఇందిరాగాంధీ స్వయంగా రాయ్‌బరేలీలో ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం నలభై రెండింటిలో నలభై ఒకటి కాంగ్రెస్ చేతిలో పెట్టింది. నంద్యాల ఒక్కటే జనతా పార్టీ తరఫున నిలబడ్డ నీలం సంజీవరెడ్డిని గెలిపించింది. ఆ నలభై ఒకటిలో ఒకటి కొత్తగా పుట్టిన హన్మకొండ. అక్కడ గెలిచింది పాములపర్తి వేంకట నరసింహారావు.

ఈ నేలకూ పీవీకీ ఉన్న బంధం ఓట్లతో మొదలైంది కాదు. ఆయన పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో, పెరిగింది వంగరలో. వరంగల్‌లో చదువుకునే రోజుల్లో, 1938లో, వందేమాతరం పాడినందుకు నిజాం ప్రభుత్వం వెళ్లగొట్టిన విద్యార్థుల్లో ఆయన ఒకరు. చదువు కోసం నాగపూర్ వెళ్లాల్సి వచ్చింది. మరాఠీ గడ్డ ఆయన్ని అక్కున చేర్చుకుంది, లా పట్టా కూడా అక్కడి విశ్వవిద్యాలయమే ఇచ్చింది. తిరిగివచ్చి పాములపర్తి సదాశివరావుతో కలిసి ‘కాకతీయ పత్రిక’ నడిపారు. ‘జయ–విజయ’ అనే పేరుతో ఇద్దరూ రాసేవారు. తర్వాత మంథని నుంచి ఇరవై ఏళ్లు శాసనసభ్యుడు. 1971 సెప్టెంబర్‌లో ముఖ్యమంత్రి అయి, భూసంస్కరణలకు పూనుకుని పెద్ద రైతుల కంట్లో నలుసయ్యారు. ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జై ఆంధ్ర ఉద్యమం ఎగసిపడి 1973 జనవరిలో కుర్చీ పోయింది. అలా సొంత రాష్ట్రంలో దెబ్బతిన్న నాయకుడికి మళ్లీ నిలబడేందుకు నేలనిచ్చింది హన్మకొండ. ఆ సంగతి మరిచిపోతే ఈ కథలో బరువు తెలియదు.

1980 జనవరిలో రెండోసారి గెలిచారు. ఈసారి ఢిల్లీలో కూడా ఇందిర తిరిగివచ్చారు, పీవీ విదేశాంగ మంత్రి అయ్యారు. ఈ దేశపు మాటను ప్రపంచ వేదికల మీద వినిపించే మనిషి తమ ఎంపీ అని ఈ నేల చెప్పుకోగలిగిన కాలం అది. నాలుగున్నర ఏళ్లు ఆ శాఖలో ఉన్నాక, 1984 జూలై 19న ఆయన్ని హోంశాఖకు మార్చారు. ఆ తేదీ మీద మనసు పెట్టాలి. తర్వాత జరిగినదంతా దాని చుట్టూనే తిరిగింది.

నెల తిరగకముందే, ఆగస్టు 16న, గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. గుండెకు శస్త్రచికిత్స చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే తిరిగివచ్చిన ముఖ్యమంత్రిని తీసేసి నాదెండ్ల భాస్కరరావుకు పట్టం కట్టారు. శాసనసభలో బలం తనదేనని ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లారు. తెలుగునాట ప్రతి కూడలిలో నిరసన. దేశంలోని ప్రతిపక్షాలన్నీ హైదరాబాద్ దారి పట్టాయి. నెల రోజుల పోరాటం తర్వాత సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి గద్దెనెక్కారు. ఆ నెల రోజులూ కేంద్రంలో హోంమంత్రి పీవీ. గవర్నర్ల వ్యవహారం చూసేది హోంశాఖే. ఆ బర్తరఫ్ నిర్ణయంలో ఆయన పాత్ర ఎంత అన్న చర్చ చరిత్రకారులది. హన్మకొండ ఓటరుకు ఆ సందేహం లేదు. తమ ఓటుతో ఏర్పడ్డ ప్రభుత్వాన్ని ఢిల్లీ కూల్చింది, ఆ ఢిల్లీలో హోంమంత్రి తమ ఎంపీయే. లెక్క అంతే.

తర్వాత అక్టోబర్ 31న ఇందిరాగాంధీ హత్య జరిగింది. దేశమంతా కన్నీరు కార్చింది. ఆ కన్నీరే డిసెంబర్ చివరి వారంలో ఓట్లై కురిసి, పోలింగ్ జరిగిన 514 స్థానాల్లో 404 కాంగ్రెస్‌కు దక్కాయి. అంతటి ప్రభంజనం ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఇక్కడ కాంగ్రెస్‌కు వచ్చినవి ఆరు. తెలుగుదేశం ముప్పై గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా కూర్చుంది. ఒక ప్రాంతీయ పార్టీకి అంతకుముందు ఎప్పుడూ దక్కని స్థానం అది. ఆగస్టు అవమానానికి డిసెంబర్‌లో తెలుగువాళ్లు ఇచ్చిన జవాబు అది. ఆ జవాబులో అన్నిటికంటే పెద్ద చప్పుడు చేసింది హన్మకొండ.

పొత్తులో భాగంగా తెలుగుదేశం ఈ స్థానాన్ని బీజేపీకి వదిలింది. బీజేపీ నిలబెట్టింది చందుపట్ల జంగారెడ్డిని. పరకాల ప్రాంతపు మనిషి, ఒకప్పటి బడిపంతులు. 1967లో జనసంఘ్ తరఫున పరకాల నుంచి, తర్వాత రెండుసార్లు శాయంపేట నుంచి శాసనసభకు వెళ్లినవాడు. పార్టీ పేర్లు మారినా జెండా మార్చలేదు. ఊరూరా సైకిల్ మీదా కాలినడకనా తిరిగే నాయకుల తరం ఆయనది. పక్షాన ఎన్టీఆర్ గాలి ఉంది. ఎదుట దేశ హోంమంత్రి, పదికి పైగా భాషలు తెలిసిన పండితుడు, మాజీ ముఖ్యమంత్రి ఉన్నాడు. అయినా పల్లెల్లో మాట అప్పటికే ఒకటైపోయింది. ఆ రోజుల్లో కాగితపు బ్యాలెట్లు. ముద్ర కొట్టి, మడిచి, డబ్బాలో వేసినవి. పెట్టెలు తెరిచి లెక్కపెడితే జంగారెడ్డికి 2,63,762 ఓట్లు, పీవీకి 2,09,564 వచ్చాయి. తేడా 54,198.

దేశం మొత్తంలో బీజేపీకి వచ్చినవి రెండే రెండు. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది హన్మకొండ. వాజ్‌పేయి అంతటివాడు గ్వాలియర్‌లో ఓడిపోయాడు. ఆ పార్టీ నాయకులు ఇప్పటికీ ఇద్దరు ఎంపీల నుంచి మొదలై ఇంతదూరం వచ్చామని చెప్పుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరిని ఇచ్చింది హన్మకొండ. ఇచ్చింది ఒక సిద్ధాంతానికి మాత్రం కాదు. తెలుగువాడి ఆత్మగౌరవానికి ఓటేస్తే, ఆ ఓటు పడ్డ గుర్తు కమలమైంది. తర్వాతి కాలంలో బీజేపీ దేశాన్నే ఏలింది. పక్కనున్న కరీంనగర్‌ను 1998లో, 1999లో గెలుచుకుంది. హన్మకొండ మాత్రం దానికి మళ్లీ దక్కలేదు, జంగారెడ్డి కూడా మళ్లీ లోక్‌సభ గడప తొక్కలేదు.

పీవీ సంగతికి వస్తే, ఆయన ఆ ఎన్నికలో రెండు చోట్ల నిలబడ్డారు. రెండోది మహారాష్ట్రలోని రాంటెక్. నాగపూర్ పక్కనే ఉంది అది. కుర్రతనంలో వరంగల్ నుంచి వెళ్లగొడితే ఆదరించిన నాగపూర్, అరవై మూడేళ్ల వయసులో సొంత నియోజకవర్గం కాదంటే మళ్లీ ఆదరించింది. రాంటెక్ గెలుపుతో ఆయన డిసెంబర్ 31న రాజీవ్‌గాంధీ మంత్రివర్గంలో రక్షణ మంత్రిగా ప్రమాణం చేశారు. హన్మకొండలో విజయోత్సవపు రంగులు ఆరకముందే, ఓడిన మనిషి ఢిల్లీలో మళ్లీ పెద్ద కుర్చీలోనే కూర్చున్నాడు. ఇకమీదట ఆయన ఎంపీగా మాట్లాడేది రాంటెక్ తరఫున.

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. ఆ ఓటు తప్పని నేను అనను. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని గవర్నర్ కలంపోటుతో పడగొట్టినప్పుడు, ప్రజల దగ్గర ఉన్న ఒకే ఆయుధం ఓటు. దాన్ని ఎదురుగా ఎంత పెద్ద మనిషి ఉన్నా వాడాల్సిందే. హన్మకొండ వాడింది. ఆ పని చేయడానికి గుండె ధైర్యం కావాలి, కేంద్రమంత్రి ఎంపీగా ఉంటే వచ్చే రోడ్లు, రైళ్లు, ఫ్యాక్టరీలు వదులుకునే తెగువ కావాలి. ఆ తెగువకు తగిన లెక్కను మాత్రం చరిత్ర ఇవ్వలేదు. గెలిచిన జంగారెడ్డి ఐదు వందల మందికి పైగా ఉన్న సభలో ఇద్దరిలో ఒకరిగా కూర్చున్నారు. ఆయన గొంతు ఎంత పెద్దదైనా ఆ సభలో ఎంత దూరం వినిపిస్తుంది?

ఆ రోజుల్లోనే కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ముచ్చట ఉంది. ఇందిర హయాంలో మనకు వచ్చింది, ఆమె పోయాక పంజాబ్‌కు తరలిపోయింది అని ఓరుగల్లు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 1985లో పంజాబ్‌లోని కపూర్తలాలో రైలు పెట్టెల కర్మాగారానికి పునాది పడింది. అప్పటి పంజాబ్ మంటల్ని చల్లార్చడానికి కేంద్రం తీసుకున్న నిర్ణయమది. దానికీ హన్మకొండ ఫలితానికీ నేరుగా ముడిపెట్టడం సరికాదు. కానీ ఆ నిర్ణయం జరిగిన గదిలో హన్మకొండ తరఫున కూర్చున్నవాడు ఎవరూ లేడు. ఆ లోటు మాత్రం కాదనలేనిది. కాజీపేటకు రైల్వే తయారీ కర్మాగారపు శంకుస్థాపన జరిగేసరికి 2023 జూలై వచ్చింది. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు. ఆ ఆశతో పెరిగిన పిల్లలు ఉద్యోగ వయసు దాటి, తాతలైపోయారు.

ఎనభైల పల్లె ఇంకొక కోణం నుంచి కూడా కనిపించాలి. కాజీపేటలో బడిపంతులుగా పనిచేసిన కొండపల్లి సీతారామయ్య 1980లో పీపుల్స్‌వార్‌ను స్థాపించాడు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ ఇక్కడి గోడల మీద ఎన్నికల గుర్తుల పక్కనే బహిష్కరణ పిలుపులు కనిపించేవి. పగలు పోలీసులు, రాత్రి దళాలు. ఓటు వేయడమే ఒక నిర్ణయం, వేయకపోవడం ఇంకొక నిర్ణయం. భయం ఉన్న చోట జనం ఎవరికి ఓటేశారన్న లెక్క కంటే, అసలు వచ్చి వరుసలో నిలబడ్డారన్నదే పెద్ద సంగతి. గెలిచినవారి జాబితాల్లో ఈ విషయం ఎక్కడా కనిపించదు. అందుకే రాస్తున్నాను.

1989లో కాంగ్రెస్ ఇక్కడ తిరిగి గెలిచింది. జనగామ వైపు నుంచి వచ్చిన కమాలుద్దీన్ అహ్మద్ ఎంపీ అయ్యారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ముప్పై తొమ్మిది స్థానాలు కాంగ్రెస్‌కు ఇస్తే, ఢిల్లీలో అదే కాంగ్రెస్ గద్దె దిగింది. 1977లోనూ ఇదే వరస: ఢిల్లీ ఒక దారి, హన్మకొండ ఒక దారి. 1984లోనూ అంతే, కాకపోతే అప్పుడు దారులు తిరగబడ్డాయి. ఢిల్లీ గాలి ఎటు వీచినా ఈ స్థానం తన నిర్ణయం తనే తీసుకుంది. ఆ మొండితనమే దానికి గౌరవం తెచ్చింది. 1984 తర్వాత పదవుల పంపకంలో దాని వంతుకు పెద్దగా ఏమీ రాకపోవడానికీ అదే కారణం.

తర్వాత 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌లో రాజీవ్ హత్య జరిగింది. పీవీ ఆ ఎన్నికలో ఎక్కడా పోటీ చేయలేదు. రాజకీయాలకు స్వస్తి చెప్పి వెళ్లిపోయే ఏర్పాట్లలో ఉన్న మనిషిని, జూన్ 21న ప్రధానిని చేశారు. తొలి తెలుగు ప్రధాని, దక్షిణాది నుంచి తొలి ప్రధాని. ఆరు నెలల్లో పార్లమెంటుకు ఎన్నిక కావాలి. ఏ స్థానం నుంచి? తెలుగు పల్లెల్లో ఈ ప్రశ్న అడిగితే సహజంగా నోటికి రావాల్సిన పేరు హన్మకొండ. వచ్చింది నంద్యాల. ఆ ఏడాదే హన్మకొండలో రెండోసారి గెలిచిన కమాలుద్దీన్ ఎంపీగా కొనసాగారు, పీవీ మంత్రివర్గంలో సహాయమంత్రిగా కూడా పనిచేశారు. నంద్యాల ఎంపీ గంగుల ప్రతాప్‌రెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. తెలుగు బిడ్డ ప్రధాని అవుతున్నాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. ఏడేళ్ల క్రితం ఏ ఎన్టీఆర్ గాలి పీవీని ఓడించిందో, ఆ ఎన్టీఆరే పక్కకు జరిగి దారిచ్చారు. నంద్యాల 5 లక్షల 80 వేల ఓట్ల తేడాతో గెలిపించి రికార్డు సృష్టించింది.

ఆ ఓట్ల కొండ నంద్యాలకు దక్కింది. ప్రధాని నియోజకవర్గం అన్న పేరు దానికే దక్కింది. చిన్నప్పుడు ఆయన నడిచిన దారులున్న, పత్రిక నడిపిన, మొదట లోక్‌సభకు పంపిన హన్మకొండ ఆ ఐదేళ్లూ మామూలు స్థానమే. ఇక్కడ పీవీ పేరు చెబితే గర్వమూ వస్తుంది, ఆ వెంటే చిన్న గుచ్చుకోవడమూ వస్తుంది. ఒక్కసారి నిలబడి ఉంటే మా బాకీ తీర్చుకునేవాళ్లం అన్న మాటలో నాకు నిజాయితీ వినిపిస్తుంది. ఆయన మళ్లీ నిలబడలేదు. 1996లో కూడా నంద్యాల, ఒడిశాలోని బరంపురం ఎంచుకున్నారు, రెండూ గెలిచారు. హన్మకొండ 1996లో మూడోసారి కమాలుద్దీన్‌నే పంపింది. కాంగ్రెస్ పార్టీ 1998లో మాజీ ప్రధానికి టికెట్టే ఇవ్వలేదు. అదే ఎన్నికలో కాంగ్రెస్ హన్మకొండను కూడా పోగొట్టుకుంది. పీవీని పక్కన పెట్టడమూ, ఆయన తొలి స్థానం చేజారడమూ ఒకే ఎన్నికలో జరిగాయి.

ఆ 1998లో, మళ్లీ 1999లో గెలిచింది తెలుగుదేశానికి చెందిన చాడ సురేష్‌రెడ్డి. ఆ కాలం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. గాలి ఎటుంటే అటు పడిన ఎన్నికలు అవి. లోపల్లోపల ఇంకొక గాలి పుడుతోంది. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది. ఉద్యోగాలు, నీళ్లు, నిధులు అన్న మాటలు మళ్లీ వీధుల్లోకి వచ్చాయి. వరంగల్–హన్మకొండ జంట నగరం ఆ ఉద్యమానికి గుండెకాయ అయింది. 2004లో టీఆర్‌ఎస్ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని ఐదు లోక్‌సభ స్థానాలు గెలిచింది. అందులో హన్మకొండ ఒకటి. ఎంపీ బోయినపల్లి వినోద్‌కుమార్, వృత్తిరీత్యా న్యాయవాది.

అదే 2004 డిసెంబర్ 23న పీవీ ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన పార్థివ దేహానికి కాంగ్రెస్ కార్యాలయం గేటు తెరుచుకోలేదు. మాజీ ప్రధానులకు ఢిల్లీలో దక్కే చోటు ఆయనకు దక్కలేదు. హైదరాబాద్ తెచ్చి హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం చేశారు. ఆయన్ని ఓడించినందుకు హన్మకొండను నిందించేవారు ఉంటే ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. హన్మకొండ ఆయన్ని బహిరంగంగా, ఓటుతో, కారణం చెప్పి ఓడించింది. సొంత పార్టీ ఆయన్ని శవంగా గేటు బయట నిలబెట్టింది. రెండింటిలో ఏది క్షమించదగినదో నాకు సందేహం లేదు.

ఇక చివరి అధ్యాయం. 2002 చట్టం కింద ఏర్పడ్డ పునర్విభజన కమిషన్, జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన, 2001 జనాభా లెక్కల ఆధారంగా సరిహద్దులు తిరగరాసింది. హైదరాబాద్ చుట్టూ జనం పోగైనందున మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాలి. ఎక్కడో ఒకచోట తగ్గాలి. వరంగల్ జిల్లాలో అడవి వైపు ములుగు, నర్సంపేట, డోర్నకల్, మహబూబాబాద్ లాంటివి కలిసి గిరిజనులకు కేటాయించిన మహబూబాబాద్ స్థానమైంది. హన్మకొండ ఊరు వరంగల్ స్థానంలో కలిసి, ఆ స్థానం దళితులకు రిజర్వు అయింది. రిజర్వేషన్ న్యాయమైనదే, గిరిజనులకు తమ స్థానం రావడం మరీ న్యాయం. వాటికి అభ్యంతరం చెప్పే హక్కు ఎవరికీ లేదు. అభ్యంతరం ఒక్కటే. రెండు పేర్లూ ఉంచే మార్గం ఎవరూ వెతకలేదు. శాసనసభ స్థానంగా ఉన్న హన్మకొండ కూడా వరంగల్ పశ్చిమగా మారిపోయింది. శాయంపేట పోయింది, కమలాపూర్ పోయింది. ఒకే దెబ్బతో హన్మకొండ పేరు ఎన్నికల పటం నుంచి పైనా కిందా రెండు చోట్లా చెరిగిపోయింది.

రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది 2008 ఫిబ్రవరి 19న. మార్చి మొదట్లో, తెలంగాణ కోసం టీఆర్‌ఎస్ ఎంపీలూ ఎమ్మెల్యేలూ రాజీనామాలు చేశారు. వినోద్‌కుమార్ కూడా చేశారు. ఉపఎన్నిక వచ్చింది. సభ కాలం పూర్తయ్యే దాకా పాత సరిహద్దులే చెల్లుతాయి కాబట్టి, కాగితాల మీద అప్పటికే చనిపోయిన హన్మకొండకు 2008 మే 29న ఓటింగ్ జరిగింది. రద్దయిన స్థానం కోసం ఎండలో వరుస కట్టిన ఆ జనాన్ని తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. ఆ ఉపఎన్నికల్లో టీఆర్‌ఎస్‌కు గట్టి దెబ్బ తగిలింది. నాలుగు లోక్‌సభ స్థానాల్లో ఆదిలాబాద్, వరంగల్ పోయాయి. 2006 డిసెంబర్‌లో రెండు లక్షల పైచిలుకు మెజారిటీ ఇచ్చిన కరీంనగర్‌లో కేసీఆర్ పదిహేను వేల చిల్లర తేడాతో బయటపడ్డారు. పార్టీ కాపాడుకున్న రెండింటిలో రెండోది హన్మకొండ. ఉద్యమం వెనక్కి జారుతున్న రోజున ఆ స్థానం జారలేదు. తన చివరి ఓటు కూడా గాలికి ఎదురుగానే వేసింది.

ఆ ఓటుతో గెలిచిన వినోద్‌కుమార్ సభలో కూర్చున్నది ఏడాది లోపు. 2009 ఎన్నికలకు హన్మకొండ లేదు. ఆయన కరీంనగర్ వెళ్లి పొన్నం ప్రభాకర్ చేతిలో ఓడిపోయారు. హన్మకొండ ప్రజలు వరంగల్ స్థానానికి ఓటేస్తే కాంగ్రెస్ అభ్యర్థి సిరిసిల్ల రాజయ్య గెలిచారు. తెలంగాణ 2014 జూన్ 2న వచ్చింది. రాష్ట్రం కోసం చివరి దాకా నిలబడ్డ స్థానం ఆ రాష్ట్రాన్ని కళ్లారా చూడలేదు.

జంగారెడ్డి 2022 ఫిబ్రవరిలో, ఎనభై ఆరేళ్ల వయసులో చనిపోయారు. 2024లో పీవీకి భారతరత్న ఇచ్చారు. ఆ రోజుల్లో వచ్చిన వ్యాసాల్లో నంద్యాల రికార్డు ఉంది, రాంటెక్ ఉంది. హన్మకొండ గురించి ఒక వాక్యం ఉంటే ఎక్కువ. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ వెళ్లిపోయారు. వాళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పిన స్థానానికి మాత్రం సంతాప సభ జరగలేదు.

2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ జిల్లా అని పేరు పెట్టారు. జిల్లాకు కలెక్టరేట్ ఉంది, కోర్టు ఉంది. ఆ పేరుతో ఎంపీ లేడు, ఎమ్మెల్యే కూడా లేడు. 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల మీద మళ్లీ పునర్విభజన రావాల్సి ఉంది. దక్షిణాదికి ఎన్ని సీట్లు తగ్గుతాయి, ఎన్ని మిగులుతాయి అన్న పోరు అప్పుడే మొదలైంది, అది తేలాల్సిన పోరు. ఆ గీతలు గీసే కమిషన్ ముందు వరంగల్, హనుమకొండ జిల్లాల నుంచి అభ్యంతరాలు, సూచనలు ఇచ్చే అవకాశం ప్రతి పౌరుడికీ ఉంటుంది. ఆ రోజు రాగానే లోక్‌సభ స్థానానికి కాకపోతే శాసనసభ స్థానానికైనా హనుమకొండ పేరు తిరిగి పెట్టమని అడగండి. సరిహద్దులు ఎలా గీసినా ఫర్వాలేదు, రిజర్వేషన్ ఎవరికి వచ్చినా మంచిదే. 1984లో ఓటేసిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. ఆ అర్జీ మీద మొదటి సంతకాలు వాళ్లతో చేయించండి.